పటములో తెల్లగా మిగిలిన తీరము

మిరపచేనిలో చల్లుచున్న నాచురసమునకు పుట్టిన యూరేది? సూర్యలంక ఇసుకలో ఎర్రనాచు ఏల కనబడదు? ఒక జాతిని గుర్తించి, అది యెక్కడ నున్నదో పటముపై చుక్క పెట్టుట యనగా ఎంతటి పని?

కార్తికపూర్ణిమనాడు తెల్లవారక మునుపే గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతముల నుండి బయలుదేరిన బండ్లు సూర్యలంకకును వాడరేవునకును చేరునప్పటికి తూర్పుదిక్కు ఇంకను నల్లగనే యుండును. నల్లరేగడిలో పత్తి ఏరి, మిరపతోటలకు నీరు పెట్టి వచ్చిన ఆ జనము, అరికాళ్ల క్రింద మెత్తని ఇసుక జారుచుండగా నడుములోతు నీటిలో నిలిచి, మూడు మునకలు వేసి, అరటిదొప్పలలో దీపములు వదలి మరలి వత్తురు. చిన్ననాటి నుండియు నేనా గుంపులో నొకడను. అన్ని యేండ్లలో నా కాళ్లకు గవ్వలు తగిలినవి, పీతలు తగిలినవి, తెగిన వలముక్కలు చుట్టుకొన్నవి. రాతి నంటి పెరిగిన సముద్రపు నాచు మాత్రము ఒక్కనాడును తగిలిన జ్ఞాపకము లేదు. లేనిదానిని గూర్చి యెవ్వరును ప్రశ్నింపరు గనుక నేనును ప్రశ్నింపలేదు.

ప్రశ్న నీటియొడ్డున గాక మా మిరపచేనిగట్టున పుట్టినది. ఒకనాటి సాయంకాలము మా పినతండ్రిగారు తైవాను పంపును సిద్ధము చేసికొని, ముదురు గోధుమరంగు ద్రవమును కొలమూతతో బక్కెట్టులో పోసి కర్రతో కలియబెట్టుచుండగా, ఎండుచేపల మీదుగ వచ్చు గాలివంటి వాసన యొకటి సోకినది.

“ఏం మందు బాబాయ్ అది?”

“మందు కాదురా, సముద్రపు నాచు రసం. పూత రాలకుండా నిలబడుద్దంటే కొడుతున్నా.”

“ఏ సముద్రానిది? మన సూర్యలంకదేనా?”

“నాకేం ఎరిక? డబ్బా మీద రాసుంటది, చదువుకో.”

డబ్బా మీద ఎర్రనాచు, గోధుమనాచు అని మాత్రమే యుండెను. ఇంటిపేరు చెప్పి ఊరిపేరు చెప్పని చుట్టమువలె ఆ రెండు మాటలు నన్ను చాలకాలము వెంటాడినవి.

వెదుకగా ఆ చుట్టరికము తెలిసినది. మనదేశమున ఇట్టి రసములకు వాడు ఎర్రనాచులలో ముఖ్యమైనది కప్పాఫైకస్ ఆల్వరేజీ యనునది. ఫిలిప్పీన్స్ సముద్రములకు చెందిన ఈ మొక్కను భావనగరమందలి కేంద్రీయ లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థవారు 1984లో మనదేశమునకు తెచ్చి, ఏండ్ల తరబడి పెంచి చూచి, 1990ల చివర తమిళనాడులోని మండపము తీరమున సాగునకు దింపిరి. వెదురుతెప్పలకు త్రాళ్లు కట్టి, ఆ త్రాళ్లకు నాచుముక్కలను ముడివేసి, నీటిలో వ్రేలాడదీసి పెంచుదురు. తాజానాచును నలిపి పిండగా వచ్చు రసము పైరులకు పోవును. మిగిలిన పిప్పి నుండి తీయు కారగీనన్ అను జిగురు ఐస్‌క్రీమును, టూత్‌పేస్టును చిక్కబరచును. ఇఫ్కోవారి ‘సాగరిక’ వంటి ద్రవములు ఎర్ర, గోధుమ నాచుల సారముతో చేయబడి నేడు పల్లెటూరి ఎరువుల కొట్టుదాక వచ్చినవి. సముద్రమునకు రెండు గంటల దారిలో నున్న మా చేనికి నాచురసము రామేశ్వరము ప్రక్కనుండి రావలసి వచ్చుట నాకు వింతగ దోచినది.

అప్పటినుండి నాచుల విస్తృతిని గూర్చి వ్రాసిన వారి వ్రాతలు చదువుట మొదలిడితిని. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు గారలు ఆటుపోటుల నడుమ రాళ్లపై పెరుగు నాచుల జీవనమును గూర్చి 1964లో ఒక అధ్యయనము ప్రకటించిరి. 1970లో వారిరువురును విశాఖ నాచులన్నిటికి సవివరమైన పట్టిక నొకదానిని లండనులోని లిన్నేయస్ సంఘపు వృక్షశాస్త్ర పత్రికలో వెలువరించిరి. గ్రాసిలేరియా, హిప్నియా, జెలీడియము, గ్రాటెలూపియా, పోర్ఫైరా మున్నగు ఎర్రనాచులు తెలుగుగడ్డ అంచున గలవని లోకమునకు స్పష్టముగ జెప్పిన పని యది. ఉత్తరమున చిలికా సరస్సు, దక్షిణమున మండపము, రామేశ్వరము, పడమట ఓఖా, పోరుబందరు తీరములు. వీని నన్నిటిని పటముపై గుర్తించుచు వచ్చినచో చుక్కలు గుంపులు గుంపులుగ పడును. నిజాంపట్నము, సూర్యలంక, వాడరేవు, మోటుపల్లి, కొత్తపట్నము, పాకల అని పేర్లు వరుసగ జదువుకొనుచు మన తీరమునకు వచ్చునప్పటికి కలము ఆగిపోవును. కాకతి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చిన శిలాశాసనము నిలిచియున్న మోటుపల్లి వంటి ప్రాచీన రేవు గల తీరము, నాచుల పటములో తెల్లకాగితము!

దీనికి మొదటి కారణము సులువుగనే తెలియును. సముద్రపు నాచునకు వేరు లేదు. దాని యడుగున నుండునది పట్టు మాత్రమే. వేరు మట్టిలోని సారమును పీల్చును. నాచుపట్టు మొక్క కొట్టుకొనిపోకుండ రాతిని బిగియబట్టుకొని యుండును, ఆహారమంతయు మొక్క ఒడలెల్ల నీటినుండి గ్రహించును. విశాఖలో ఖొండలైటు కొండలు సముద్రములోనికి దిగియున్నవి గనుక అచట పట్టునకు చోటున్నది. కృష్ణా ముఖము మొదలు గుండ్లకమ్మ ముఖము దాటువరకు మనది ఇసుకమేటల తీరము. అలకొక మారు కదలు ఇసుకరేణువుపై ఏ నాచు బీజము నిలువగలదు? ఆపైన కృష్ణ వరదకాలమున తెచ్చి క్రుమ్మరించు ఒండ్రు నీటిని కలచివేసి, వెలుగును అడుగుదాక పోనీయదు. ఏ నల్లరేగడి మన పత్తిని మిరపను బ్రతికించుచున్నదో, దానికి దాయాదియైన బురదయే సముద్రమున నాచును నిలువనీయక యున్నది.

ఇక్కడ పటములను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఆంధ్రప్రదేశ్ తీరము 974 కిలోమీటర్లని మనము బడిలో చదువుకొంటిమి. ఇటీవల అదే తీరమును మరింత సూక్ష్మమైన కొలతతో, ప్రతి వంకను ప్రతి మలుపును లెక్కించి చూడగా 1,053 కిలోమీటర్లని తేలినది. తీరము పెరుగలేదు; చూచు చూపు దగ్గరకు వచ్చినది. దూరమునుండి చూచినప్పుడు సరళరేఖగ దోచిన చోటనే దగ్గర జేరినప్పుడు మడుగులు, వాగుమొగలు, మడదిబ్బలు కనబడును. తెల్లగ విడిచిన నా తీరమును గూర్చి నాకు ఆశ కలిగినది ఈ సంగతి తెలిసిన నాడే.

ముడత ఒకటే, పురుగు వేరు

పటముపై చుక్క పెట్టుటకు ముందు, పెట్టునది దేని చుక్కయో తెలియవలెను. ఈ మాట మిరపరైతునకు వేరుగ బోధింపనక్కరలేదు. ఆకు పైకి ముడిచినచో తామరపురుగనియు, క్రిందికి ముడిచినచో నల్లి యనియు, పైముడత క్రిందిముడతలకు మందులు వేరనియు మా పల్లెలలో బడికి పోని వారును చెప్పుదురు. ఐనను 2021లో ఆ అనుభవమే చాలకపోయినది. పూతలో జేరి పువ్వునే మాడ్చివేయు నల్లని తామరపురుగు గుంటూరు, ప్రకాశము జిల్లాల తోటలపై బడినప్పుడు, అలవాటైన తామరపురుగే యని తలచి అలవాటైన మందులే కొట్టినవారెందరో. అది థ్రిప్స్ పార్విస్పైనస్ అను వేరొక జాతి. 2015లో బెంగుళూరువైపు బొప్పాయిపై మనదేశమున మొదట గుర్తింపబడినది. అంగుళములో ఇరువదియవ వంతైన లేని ప్రాణి పేరు తెలియనందున ఎకరములకెకరములు దున్నివేసిన ఆ సంవత్సరము నాకు కన్నులకు కట్టినట్లున్నది. జాతి గుర్తింపు పండితుల విలాసమని యెవరైన అన్నప్పుడెల్ల నాకా మాడిన పూత జ్ఞాపకము వచ్చును.

ఎర్రనాచు విషయమున ఈ చిక్కు మరింత గట్టిది. పేరున కెర్రదే గాని రంగును నమ్మరాదు. ఫైకోఎరిత్రిన్ అను ఎర్రని వర్ణద్రవ్యము, నీటిలోతునకు చొరబారు నీలి, ఆకుపచ్చ కాంతులను గ్రహించుటకై వీనిలో నుండును; ఎండ తీవ్రముగ సోకుచోట అది విరిగి, అదే మొక్క పసుపుగ, ఆకుపచ్చగ, బూడిదరంగుగ మారును. ఆకారమును నమ్మరాదు. నిలుకడనీటిలో బారెడు దారములవలె సాగిన మొక్కయే అలలతాకిడి గల రాతిపై గుబురుగ, పొట్టిగ పెరుగును. గ్రాసిలేరియాలో మగమొక్క, ఆడమొక్క, బీజములనిచ్చు మూడవతరపు మొక్క, మూడును కంటికి ఒక్కతీరుగనే యుండును. పక్వమైన ఆడమొక్క కొమ్మలపై మాత్రము ఆవగింజలంతలేసి బుడిపెలు లేచును.

ఈ గ్రాసిలేరియా మన యిండ్లకు కొత్తది గాదు. కిరాణాకొట్టులో చైనాగ్రాస్ అని పొట్లములలో అమ్ము తెల్లని చీలికలు అగార్ అను జిగురు. జెలీడియము, గ్రాసిలేరియా వంటి ఎర్రనాచులను ఉడికించి తీయునది. 1881 ప్రాంతమున జర్మనీలో రాబర్ట్ కాక్ ప్రయోగశాలయందు పనిచేయుచున్న వాల్టర్ హెస్సె వేసవివేడికి జెలటిను కరగి సూక్ష్మజీవుల పెంపకము చెడిపోవుచున్నదని విచారించుచుండగా, తన వంటింటి జెల్లీ గడ్డకట్టుటకు వాడు అగార్‌ను వాడిచూడుమని చెప్పినది ఆయన భార్య ఫ్యానీ. నాటినుండి నేటివరకు లోకమందలి సూక్ష్మజీవశాస్త్రమంతయు ఆ నాచుజిగురుపైననే నిలిచియున్నది. గుంటూరు ప్రక్కన లాం ఫారములో మిరప కాయకుళ్లునకు కారణమైన బూజును వేరుపరచి చూడవలెనన్నను, బంగాళాదుంపరసము, చక్కెర, అగార్ కలిపిన పళ్లెముపైననే దానిని పెంచవలెను. మన పంటతెగుళ్ల పేర్లు తెలిసికొనుటకు ఎర్రనాచు మనకు తోడ్పడుచున్నది. ఎర్రనాచు పేరు తెలిసికొనుట మనవంతు.

పులిపిరుల నాచు

ఒక పేరు నడచిన దారి చెప్పెదను. 1762లో హడ్సన్ అను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు తన దేశపు మొక్కల గ్రంథములో ఒక సన్నని దారపు నాచునకు, కొమ్మలపైనున్న బుడిపెలను బట్టి, పులిపిరులు గలదను అర్థమున వెర్రుకోసస్ అని పేరు పెట్టెను. 1950లో పాపెన్‌ఫస్ దానిని గ్రాసిలేరియా వెర్రుకోసా యని సవరించెను. సన్నగ, గుండ్రముగ, దారమువలె నున్న గ్రాసిలేరియా ఎక్కడ దొరకినను, ఇంగ్లండులోనైనను జపానులోనైనను మన చిలికాలోనైనను, లోకమంతట ఆ పేరే వ్రాయుచు వచ్చిరి. పటముపై చూచినచో ఒకే జాతి భూగోళమునంతయు చుట్టివచ్చినట్లు కనబడెను.

1995లో స్టీన్‌టాఫ్ట్, ఇర్విన్, ఫార్న్‌హామ్ అను మువ్వురు మొదటి చోటికే, అనగా బ్రిటను తీరమునకే మరలిపోయి ఆ మొక్కలను సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించి, ఒక పేరు చాటున రెండు వేరు ప్రజాతుల మొక్కలు దాగియున్నవని నిరూపించిరి. ఒకదానికి గ్రాసిలేరియా గ్రాసిలిస్ అనియు, రెండవదానికి గ్రాసిలేరియాప్సిస్ లాంగిస్సిమా యనియు పేర్లు నిలిచినవి. మగమొక్కను క్షురపు అంచుతో అడ్డముగ పలుచగ కోసి చూచినచో, గ్రాసిలేరియాలో పుంబీజాశయములు చిన్నచిన్న గుంటలలోనో పల్లములలోనో కుదురుకొనియుండును. గ్రాసిలేరియాప్సిస్‌లో అవి ఉపరితలముపై పూతవలె పరచుకొనియుండును. వెంట్రుకకన్న సన్నని ఈ భేదము మూలమున లోకపటములోని వెర్రుకోసా చుక్కలన్నియు ఒక్కసారిగ సందేహాస్పదములైనవి. చిలికాలోని నాచు పుట్టుక మారలేదు, దాని నేరుకొను జాలరి పడవ మారలేదు. దాని పేరు మాత్రము మరల విచారణకు వచ్చినది. సరస్సులలో పట్టు విడిచి తేలుచు పెరుగు మొక్కలు తరచుగ బుడిపెలు గాని బీజములు గాని పెట్టవు. అట్టివానిని కంటితో తేల్చుట మరింత దుర్ఘటము. నేడు వాని జన్యుపదార్థమునందలి కాక్స్-1, ఆర్‌బీసీఎల్ అను చిన్నభాగములను చదివి, ఇతర తీరముల మొక్కలతో పోల్చి చూచుచున్నారు.

దీనికి ప్రతిగా రెండనుకొన్నవి ఒకటైన కథయు నున్నది. జపానువారు భుజించు నోరి యను ఎర్రనాచు వేసవిలో అదృశ్యమై చలికాలమున మరల మొలచును. నడుమ అది యెచటనుండునో తరతరములుగ దానిని పండించువారికిని తెలియదు. 1949లో మాంచెస్టరు పరిశోధకురాలు కాథ్లీన్ డ్రూ, గుల్లలను తొలుచుకొని బ్రతుకు కాంకోసెలిస్ అను గులాబిరంగు ‘జాతి’ వేరొక జాతి గాదనియు, నోరికి చుట్టమైన బ్రిటిషు పోర్ఫైరా తన జీవితమున దాల్చు ఒక దశయనియు కనుగొనెను. ఆ యొక్క గుర్తింపుతో జపానులో నాచుసేద్యము అదృష్టము వదలి శాస్త్రమునకు వచ్చినది. జపానులో అడుగైన పెట్టని ఆమెకు అచటి ఉటో పట్టణమున 1963లో స్మారకము నిలిపి, ఏటేట ఏప్రిల్ 14న జాలరులు సముద్రమాతగా నమస్కరించుచున్నారు. ఇంతటి గౌరవము పొందిన వృక్షశాస్త్రజ్ఞులు అరుదు.

మడవేళ్ల మీద

తిరిగి మన తీరమునకు వత్తము. రాయి లేదు గనుక నాచు లేదను మాట వినుటకు బాగుగనే యున్నది. కాని నాచు కోరునది రాతిని గాదు, కదలని యాధారమును. నిజాంపట్నము, రేపల్లెవైపు కృష్ణ సముద్రమున కలియుచోట్ల మడ అడవులున్నవి. నల్లమడ, తెల్లమడ చెట్లు ఊపిరికై బురదనుండి పైకి నిలిపిన వేళ్లు, నాటిన పెన్సిళ్లవలె చెట్టుచుట్టు వేలకొలది యుండును. పోటువేళ మునుగుచు ఆటువేళ తేలుచు నుండు ఈ వేళ్లే ఉష్ణదేశములన్నిట కాలోగ్లోసా, కాటనెల్లా, బాస్ట్రైకియా అను ఎర్రనాచుల కూటమికి నివాసము. ఆంధ్రతీరపు మడలలోను ఈ కూటమికి చెందినవి గుర్తింపబడినవి. ఇవి బారెడు మొక్కలు గావు. వేలెడైన పొడవులేని ఊదారంగు పొర, ఎండినప్పుడు దుమ్మువలెను తడిసినప్పుడు మెత్తని పట్టువలెను నుండును. బురదయంటిన వేరును చూచి నాచని యెవ్వరనుకొందురు? నావరకు నేను ఎన్నిమారులో ఆ వేళ్లప్రక్కనుండి పడవలో పోయియు, కొంగలను చూచితినేగాని వేళ్లను చూడలేదు.

వీనిలో కాలోగ్లోసా లెప్రియరీ యను పేరు వెనుకను వెర్రుకోసా కథయే యున్నది. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో లెప్రియర్ అనునతడు ఏరిన నాచును బట్టి 1840లో మాంటేన్ అను ఫ్రెంచి పండితుడు పెట్టిన పేరది. తరువాత అన్ని ఖండముల మడవేళ్లమీది పొరలకును అదియే పేరైనది. ఆస్ట్రేలియాలో పనిచేసిన జాన్ వెస్ట్, జపానుకు చెందిన మిత్సునోబు కమియా ప్రభృతులు దేశదేశముల మొక్కలను సీసాలలో పెంచి, ఒకదానితో నొకటి సంకరపరచి, కలిసినవి యేవో కలియనివి యేవో చూచి, జన్యువులను చదివి, ఆ పేరు క్రింద పెక్కు జాతులున్నవని తెలిపిరి. కాబట్టి మన మడవేరుపై నున్న పొరకు గయానా పేరు సరిపోవునా యనుట, ఆ పొరను తెచ్చి చూచినగాని తేలదు.

ఆ పనికి తొందర యేమని అడుగువారికి కురుసడై దీవిని చూపెదను. మండపము తీరమున సాగుచేసిన కప్పాఫైకస్ తెప్పలను దాటిపోయి, మన్నారు సింధుశాఖలోని ఆ దీవి పగడములను కప్పి పెరుగుచున్నదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వారు అట్లు నిశ్చయముగ చెప్పగలుగుటకు కారణము, కురుసడైలో ఏయే మొక్కలు గలవో 1927లోనే ఎం. ఓ. పి. అయ్యంగారు వ్రాసియుంచుట, తరువాతివారు ఆ పనిని కొనసాగించుట. పాతవారి పట్టిక యున్నది గనుక కొత్తగ వచ్చినవాడెవడో తెలిసినది. నాచుసాగును మత్స్యకారులకు ఉపాధిగా ప్రభుత్వములు ప్రోత్సహించుచున్న ఈ దినములలో మన తీరమునకును త్రాళ్లు తెప్పలు రావచ్చును; రావలెననియే నా కోరిక, జాలరియిండ్ల స్త్రీలకు వేటనిషేధపు నెలలలో నాలుగు రూపాయలు చేరవలెననియే నా కోరిక. కాని తెప్ప దింపుటకు ముందు ఈ తీరపు పట్టిక వ్రాయవలెను. నల్ల తామరపురుగు వచ్చినప్పుడు ఎవరో తెలియక దెబ్బతిన్న మనము రెండవమారు ఆ పొరబాటు చేయరాదు.

ఆ పనికి విమానములు అక్కరలేదు. కలకబారిన మన నీటిలో వేరుమీది ఊదాపొర ఉపగ్రహమునకు కనబడదు, కాలినడకయే దిక్కు. అమావాస్య పూర్ణిమల ఆటువేళ జాలరి నొకరిని తోడుతీసికొని పోవలెను. ఏ మొగలో బురద కాలు మింగునో, ఏ పాయలో నీరు ఎంతసేపటికి మరలునో ఆయనకు తెలిసినట్లు గ్రంథములకు తెలియదు. మూరెడు చదరపు చట్రము నేలపై వేసి, అందులోని వేళ్లెన్నో, పొర పట్టినవెన్నో, ఏ యెత్తువరకు పట్టినదో లెక్కించి, ఏమియు లేనిచో లేదనియు అదే శ్రద్ధతో వ్రాయవలెను. వెదకి లేదని వ్రాసిన గడి వేరు, వెదకక విడిచిన గడి వేరు. ఇప్పటి పటములలో రెండును ఒకే తెలుపుగ నున్నవి. రేవుల రాతికట్టలు, వంతెన స్తంభములు, పాతపడవల అడుగులు, ఇసుకతీరమున మనుష్యులు నిర్మించిన ఈ గట్టిచోట్లన్నియు ఆ లెక్కలో చేరవలెను. బాపట్ల, చీరాల, ఒంగోలు కళాశాలలలో వృక్షశాస్త్రము చదువు పిల్లలకు ఇంతకన్న మంచి సంవత్సరాంతపు పని నాకు తోచదు.

తెచ్చిన నాచును పళ్లెమునిండ ఉప్పునీటిలో తేలించి, దాని క్రిందికి దళసరి కాగితమును జార్చి, సూదితో కొమ్మలను విడదీసి, మెల్లగ పైకెత్తి, పలుచని గుడ్డ కప్పి బరువు క్రింద ఆరవేయుదురు. జిగురు వేరుగ అక్కరలేదు. నాచు తన జిగురుతోనే కాగితమునకు అంటుకొనును. అడుగున చీటీపై తేదీ, మొగ పేరు, అక్షాంశ రేఖాంశములు, ఏ చెట్టు వేరు, నీరెంత ఉప్పు, ఆటు ఏ గంటకు, ఏరినవారెవరు అని వ్రాసి, చివర జాతిపేరు వ్రాయుదురు. ముప్పది యేండ్లకు మరియొకరు వచ్చి ఆ పేరు తప్పని కనుగొన్నను పాతచీటీని చింపరు. దాని ప్రక్కనే కొత్తపేరుతో, కొత్తతేదీతో, తన సంతకముతో మరియొక చీటీ అంటింతురు. నిజాంపట్నము మడవేరు, ఆటువేళ, అను మొదటి పంక్తులను ఎవ్వరును ముట్టరు.